బొమ్మగా బతికిన తెలుగు

తెలుగువాళ్ళ కంప్యూటరు చరిత్ర అనగానే మనకు గుర్తొచ్చేవి ఉద్యోగాలు, వీసాలు, వై టూ కే. వాటి గురించి ప్రతి సావనీరులోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. ఇది ఆ చరిత్ర కాదు. లోకానికంతా ప్రోగ్రాములు రాసిపెట్టిన తెలుగువాడు తన భాషలో నాలుగు మాటలు తెర మీద చూసుకోవడానికి దాదాపు పదిహేనేళ్ళు పడ్డ తిప్పల కథ ఇది. ఆ తిప్పల్లో ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మనిది ఒకటుంది. తెలుగు పేజీని పేజీగా ఇంటర్నెట్టులో పెట్టలేక, దాన్ని ఒక బొమ్మగా మార్చి పెట్టేవారు.

బొమ్మ అంటే నిజంగా బొమ్మే. పెళ్ళి ఫొటో ఎలాంటి ఫైలో, కథలోని పేజీ కూడా అలాంటి ఫైలే. చదవడానికి బాగానే ఉంటుంది. కానీ అందులోంచి ఒక్క మాట ఎత్తి మరోచోట రాసుకోలేం, వెతకలేం, తప్పుంటే దిద్దలేం. కంటికి అక్షరం, యంత్రానికి నలుపు తెలుపు చుక్కలు.

నేనుండేది ప్లేనోలో. డాలస్‌కు ఉత్తరాన, పేరుకు తగ్గట్టే చదునైన నేల. 1980ల చివర జేసీ పెన్నీ న్యూయార్కు నుంచి తన ప్రధాన కార్యాలయాన్ని ఇక్కడికి తెచ్చుకుంది. 1990ల తొలి సగంలో ఈడీఎస్ కూడా డాలస్ నుంచి ఇక్కడికే మారింది. పక్కనే రిచర్డ్‌సన్‌లో 75వ నంబరు హైవే పొడవునా టెలికం కంపెనీలు. 1990లో లక్షా ముప్పై వేల లోపు జనం ఉన్న ఈ ఊరు 2000 జనాభా లెక్కల నాటికి 2,22,030కి చేరింది. ఆ పెరుగుదలలో మన వాళ్ళ వాటా ఎంతో వారాంతాల్లో ఇండియన్ గ్రోసరీ దుకాణాల ముందు పార్కింగు చూసినవాళ్ళకు తెలుసు. వచ్చిన ప్రతి ఇంట్లోనూ కంప్యూటరు, మోడెము ఉండేవి. తెలుగు పుస్తకాలు మాత్రం సూట్‌కేసులో పట్టినన్నే. కాబట్టి ఇంటర్నెట్టులో తెలుగు ఎక్కడ దొరికినా ఎగబడి చదివేవాళ్ళం. అది బొమ్మ రూపంలో ఉన్నా సరే.

అక్షరాలు ఎందుకు పెట్టలేకపోయారు

1990ల తొలినాళ్ళలో కంప్యూటరుకు తెలిసిన లిపి ఇంగ్లీషే. ఒక ఫాంటులో 256 గదులుంటాయి. వాటిలో మొదటి 128 ఇంగ్లీషుకూ, అంకెలకూ, కామాలకూ పోగా మిగతావి యూరపు భాషల కొమ్ములూ చుక్కలూ ఉన్న అక్షరాలకు కేటాయించారు. మన భాషకు బడిలో 56 అక్షరాలని చెప్పుకున్నా, గుణింతాలు, వత్తులు, సంయుక్తాలు కలిపితే కంటికి కనిపించే రూపాలు వేలల్లో ఉంటాయి. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం తీసుకోండి. స, దాని కింద త వత్తు, పక్కన రావత్తు, పైన గుడి దీర్ఘం. ఏది ఎక్కడ కూర్చోవాలో యంత్రానికి ఎవరో నేర్పాలి. ఇంగ్లీషు అక్షరాలు రైలు పెట్టెల్లా వరసగా పోతాయి. మనవి అలా కావు, ఒకదాని మీద ఒకటి ఎక్కి, కిందకు దిగి, పక్కకు ఒరిగి కూర్చుంటాయి.

దీనికి శాశ్వత పరిష్కారం కాగితం మీద 1991లోనే ఉంది. ఆ ఏడాది అక్టోబరులో వెలువడిన యూనికోడ్ మొదటి సంపుటంలోనే తెలుగుకు చోటు దక్కింది. భారత ప్రభుత్వ ప్రమాణమైన ఇస్కీ వరసనే వాళ్ళు చాలావరకు అనుసరించారు. అయితే ప్రమాణంలో చోటు దొరకడం వేరు, ఇంట్లో ఉన్న కంప్యూటరులో అక్షరం కనిపించడం వేరు. ఈ రెండింటి మధ్య పదేళ్ళు గడిచిపోయాయి. విండోస్ 2000లో దేవనాగరికి, తమిళానికి ఏర్పాట్లు వచ్చాయి కానీ తెలుగుకు రాలేదు. 2001లో విండోస్ ఎక్స్‌పీతో పాటు గౌతమి ఫాంటు వచ్చేదాకా మనం ఆగాల్సి వచ్చింది. వచ్చాక కూడా చాలామంది కంప్యూటర్లలో అది నిద్రపోతూ ఉండేది. కంట్రోల్ ప్యానెల్లోకి వెళ్ళి ఒక గడిలో టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ వేస్తే కానీ వత్తులు సరిగ్గా కూర్చునేవి కావు. ఆ సీడీ ఎక్కడుందో ఎవరికి తెలుసు?

ఈ పదేళ్ళ ఖాళీని నింపినవాటిలో బొమ్మ ఒకటి.

హ్యూస్టన్ చేసిన మేలు

ఈ కథలో మన టెక్సస్‌కు ఒక గౌరవమైన పాత్ర ఉంది. ప్లేనో నుంచి నాలుగైదు గంటల కారు ప్రయాణం దూరంలో, హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో 1990ల తొలినాళ్ళలో కన్నెగంటి రామారావు, ఆనంద కిషోర్ కలిసి తెలుగును ఇంగ్లీషు అక్షరాలతో రాయడానికి ఒక పద్ధతి కట్టారు. ఆ విశ్వవిద్యాలయం పేరు మీదే దానికి రైస్ ట్రాన్స్‌లిటరేషన్ స్టాండర్డ్ అన్న పేరు వచ్చింది. పొట్టిగా ఆర్టీఎస్. చిన్న టీ కొడితే త, పెద్ద టీ కొడితే ట. చిన్న ఎన్ అయితే న, పెద్ద ఎన్ అయితే ణ. ఎల్ చిన్నదైతే ల, పెద్దదైతే ళ. ఒక పూట కూర్చుంటే ఎవరికైనా పట్టుబడుతుంది. దానికి తోడుగా రిట్ అనే ప్రోగ్రాము కూడా రాశారు. అది ఈ ఇంగ్లీషు అక్షరాల తెలుగును తీసుకుని అసలు తెలుగు లిపిలోకి తిప్పేది.

లిపి ఎక్కడిది? గణిత వ్యాసాలు అచ్చు వేసుకోవడానికి డొనాల్డ్ నూత్ తయారుచేసిన టెక్ అనే అచ్చు కూర్పు విధానం ఒకటుంది. దానికి అనుగుణంగా ముక్కవిల్లి లక్ష్మి, లక్ష్మణకుమార్ తెలుగు టెక్ పేరుతో అక్షరాలు చెక్కి ఉచితంగా పంచారు. వీళ్ళెవరికీ దీని మీద జీతం లేదు. చదువులు, ఉద్యోగాల మధ్య రాత్రిపూట చేసిన పనులు. సీసపు అక్షరాలు పోత పోసినవాళ్ళను అచ్చు చరిత్రలో మనం తలుచుకుంటాం. వీళ్ళను అంతగా తలుచుకోకపోవడం నాకు వింతగానే ఉంటుంది.

యూజ్‌నెట్‌లోని తెలుగు చర్చా వేదికలో కవితలు, వాదాలు, వంటలు, తిట్లు అన్నీ ఆర్టీఎస్ లోనే నడిచేవి. ఇంగ్లీషు అక్షరాలే కాబట్టి ఏ కంప్యూటరయినా మోసేది. కానీ వాటిని చదవడం అలవాటైనవాళ్ళ పని. మా తరంలో చదవగలిగినవాళ్ళం చదివాం. ఇండియా నుంచి ఆరు నెలలు ఉండిపోవడానికి వచ్చిన అమ్మకు ఆ పెద్ద టీలు, చిన్న టీలు చూపించి "ఇది తెలుగేనమ్మా" అంటే ఏం చెబుతుంది? "మన అక్షరాల్లో లేదుటరా?" అంటుంది. బొమ్మ అవసరం అక్కడ పుట్టింది.

బొమ్మ తయారయ్యే తీరు

1993 తొలినాళ్ళలో, ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మొజాయిక్ బ్రౌజరు తయారవుతున్నప్పుడు, మార్క్ ఆండ్రీసెన్ పేజీలో బొమ్మ పెట్టడానికి ఒక ట్యాగు ప్రతిపాదించాడు. ఆయన ఉద్దేశం ఫొటోలు, చిహ్నాలు పెట్టుకోవచ్చనే. ఇంగ్లీషు రాని లిపులవాళ్ళకు మాత్రం అది దొడ్డిదారి తలుపయింది. అక్షరాన్ని అక్షరంగా లోపలికి రానివ్వకపోతే బొమ్మగా రానిస్తారు కదా!

పని ఇలా సాగేది. ముందు కథో వ్యాసమో ఆర్టీఎస్ లో టైపు చేయాలి. రిట్ దాన్ని టెక్ భాషలోకి మార్చాలి. టెక్ దాన్ని పేజీలుగా కూర్చాలి. అక్కడి నుంచి పోస్ట్‌స్క్రిప్టు, ఆ తర్వాత గోస్ట్‌స్క్రిప్టు అనే ప్రోగ్రాము ఆ పేజీని చుక్కలుగా మార్చాలి. చివర మరో చిన్న ప్రోగ్రాముతో దాన్ని జిఫ్ ఫైలు చేసి, అంచులు కత్తిరించి, సైటులోకి ఎక్కించాలి. యూనిక్సు తెలిసినవాళ్ళు ఇదంతా ఒకే వరుస ఆదేశాలతో చేసేవారు. విండోసు వాళ్ళకు మరో దారి. తెలుగు ఫాంటుతో టైపు చేసి, తెరను ఉన్నదున్నట్టు పట్టుకుని, పెయింట్ ప్రోగ్రాములో అతికించి దాచుకునేవారు. పది పేజీల కథకు పది బొమ్మలు. ఎనిమిదో పేజీలో ఒక వత్తు తప్పు పడిందని ఎవరైనా ఉత్తరం రాస్తే మళ్ళీ మొదటి నుంచి.

జిఫ్ నే ఎందుకు ఎంచుకున్నారంటే దానికి కారణం ఉంది. కాంప్యుసర్వ్ 1987లో తెచ్చిన ఈ పద్ధతి తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలకు సరిగ్గా సరిపోతుంది. ఒకే రంగు వరసగా ఎంత దూరం పోతే అంత గట్టిగా నొక్కి చిన్నది చేస్తుంది. జేపెగ్ ఫొటోలకు పుట్టింది. అది బొమ్మను ఎనిమిదేసి చుక్కల గళ్ళుగా విడగొట్టి, కన్ను పట్టుకోలేదనుకున్న వివరాన్ని పారేస్తుంది. ముఖం మీద అది తెలియదు. గుడికీ గుడి దీర్ఘానికీ తేడా ఒక చిన్న మెలిక కాబట్టి తెలుగులో మాత్రం వెంటనే తెలుస్తుంది. ఆ మెలిక చుట్టూ మసి పట్టినట్టు ఉంటుంది.

ఆ జిఫ్ మీద కూడా ఒక గొడవ నడిచింది. లోపల వాడిన నొక్కుడు పద్ధతికి యూనిసిస్ కంపెనీ చేతిలో పేటెంటు ఉంది. 1994 డిసెంబరులో వాళ్ళు రుసుము సంగతి ఎత్తారు. 1999లో లైసెన్సు లేని సాఫ్ట్‌వేరుతో జిఫ్‌లు చేసిన సైట్లు 5,000 డాలర్లు చెల్లించాల్సి రావచ్చన్న కబురు పాకింది. సొంత డబ్బుతో సైటు నడిపే తెలుగు ఔత్సాహికుడి దగ్గర అంత సొమ్ము ఎక్కడిది? అమెరికాలో ఆ పేటెంటు 2003 జూన్ 20న తీరిపోయింది. ఈలోగా 1996లోనే పీఎన్‌జీ అనే స్వేచ్ఛా పద్ధతి వచ్చింది.

ఇక బరువు సంగతి. 600 చుక్కల వెడల్పు, 800 చుక్కల ఎత్తు ఉన్న నలుపు తెలుపు పేజీ నొక్కకముందు 60,000 బైట్లు. నొక్కితే ఇరవై వేల దాకా రావచ్చు. 28.8 మోడెము సెకనుకు మహా అయితే 3,600 బైట్లు తెచ్చేది. అంటే ఒక పేజీకి ఆరు సెకన్లు, పది పేజీల కథకు ఒక నిమిషం పైన. అదే కథ ఆర్టీఎస్ అక్షరాల్లో అయితే పేజీకి రెండు వేల బైట్లు, సెకను కూడా పట్టదు. మరి ఆ నిమిషం ఎందుకు భరించామంటే, బొమ్మకు ఏ ఏర్పాటూ అక్కర్లేదు. ఫాంటు దించుకోనక్కర్లేదు, సెట్టింగు మార్చనక్కర్లేదు. లైబ్రరీలో పరాయి కంప్యూటరు మీదైనా, మాక్ మీదైనా, యూనిక్సు మీదైనా తెలుగు తెలుగులాగే కనిపించేది. నేను అప్పట్లో పనిచేసిన చోట ఉద్యోగులు సొంతంగా ఫాంట్లు ఎక్కించుకోవడం నిషేధం. మధ్యాహ్నం భోజనం డబ్బా తెరుచుకుని చదువుకోవడానికి బొమ్మల సైట్లే దిక్కు.

ఫాంట్ల తగాదా

1990ల చివర మన దినపత్రికలు ఒక్కొక్కటిగా ఇంటర్నెట్టుకు వచ్చాయి. రోజూ వందల వార్తలు బొమ్మలుగా మార్చడం కుదిరే పని కాదు. వాళ్ళు ఫాంటు దారి పట్టారు. ఆ 256 గదుల్లో ఇంగ్లీషు అక్షరాలను ఖాళీ చేయించి, తలకట్లు, గుడులు, కొమ్ములు, వత్తులు ముక్కలు ముక్కలుగా పెట్టుకుని వాటితోనే పదాలు కూర్చారు. ఈనాడుకు ఈనాడు ఫాంటు, వార్తకు వార్త ఫాంటు. ఎవరి గదుల వరస వారిదే. ఒకరి సైటుకు మరొకరి ఫాంటు పెట్టి చూస్తే మంత్రాలు కాదు కదా, శాపనార్థాలు కూడా కావు. అసలు ఫాంటే లేకపోతే నెత్తిన చుక్కలు, టోపీలు ఉన్న యూరపు అక్షరాల గుంపు కనిపించేది. నెట్‌స్కేపులో "యూజర్ డిఫైన్డ్" అన్న చోట ఫాంటు మార్చుకోవడం ఒక తరం ప్రవాసాంధ్రులకు కంఠోపాఠం. 1997లో నెట్‌స్కేపు, మైక్రోసాఫ్టు రెండూ పేజీతోపాటే ఫాంటును కూడా పంపే ఏర్పాటు తెచ్చాయి. ఏర్పాటు రెండూ రెండు రకాలు, ఒకదానిది మరొకదానికి పనికిరాదు.

అప్పట్లో బొమ్మ, ఫాంటు పక్కపక్కనే బతికాయి. వార్త ఫాంటులో ఉంటే కార్టూను, రాశిఫలాల శీర్షిక, పండగ ప్రత్యేక పేజీ బొమ్మలో ఉండేవి. అందానికి బొమ్మే మేలన్నది నిజం. బాపు గారి రాతలో శీర్షిక కావాలంటే అప్పట్లో అది బొమ్మ కావాల్సిందే. మన వాళ్ళ వ్యక్తిగత సైట్లు చాలావరకు జియోసిటీస్ లాంటి ఉచిత స్థలాల్లో ఉండేవి. అక్కడ శ్లోకాలు, పద్యాలు, వ్రతకథలు బొమ్మలుగా పెట్టినవాళ్ళు ఎందరో. 2009 అక్టోబరు 26న యాహూ దాన్ని మూసేసింది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. ఫాంటు పద్ధతిని ఆనాడు మేమంతా తిట్టుకున్నాం, బొమ్మను మెచ్చుకున్నాం. కాలం మాత్రం తిరగబడి తీర్పు చెప్పింది. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఇంటర్నెట్ ఆర్కైవ్ 1996 నుంచి వెబ్ పేజీల నకళ్ళు దాస్తూ వచ్చింది. 2001 నుంచి ఎవరైనా చూడవచ్చు. పేజీలోని అక్షరాలు చాలా చోట్ల దాని చేతికి చిక్కాయి, బొమ్మల ఫైళ్ళు చాలా చోట్ల చిక్కలేదు. ఫాంటులో పెట్టిన పాత తెలుగు పేజీ ఇవాళ తెరిస్తే పిచ్చి గీతల్లా కనిపించినా, ఆ ఫాంటు గదుల వరస తెలిస్తే ప్రతి అక్షరాన్నీ తిరిగి రాబట్టవచ్చు. బొమ్మతో పెట్టిన పేజీ తెరిస్తే పైన ఇంగ్లీషులో శీర్షిక, కింద విరిగిన చట్రం. కథ పోయింది. బొమ్మ పక్కన దాని సారాంశం రాయడానికి పేజీ భాషలోనే వీలుంది. కానీ పనిగట్టుకుని రాసింది ఎవరు?

యూనికోడ్ వచ్చాక

2003 డిసెంబరు 10న వెన్న నాగార్జున చొరవతో తెలుగు వికీపీడియా మొదలైంది. ఆయనే 2005 ప్రాంతంలో పద్మ అనే చిన్న పరికరం తయారుచేశాడు. ఫైర్‌ఫాక్సు బ్రౌజరుకు దాన్ని తగిలిస్తే ఈనాడు, వార్త వంటి పత్రికల పాత ఫాంట్ల తెలుగును అప్పటికప్పుడు యూనికోడ్‌లోకి మార్చి చూపించేది. ఫాంటు దించుకునే బాధ తప్పింది. మొదటిసారి పత్రికలోని వార్తను కాపీ చేసి అన్నయ్యకు ఈమెయిలులో పంపగలిగాం. (2017 నవంబరులో ఫైర్‌ఫాక్సు పాత పరికరాలన్నిటినీ ఆపేసినప్పుడు పద్మ కూడా ఆగింది. అప్పటికి దాని అవసరం చాలావరకు తీరిపోయింది.) 2006లో వీవెన్ తెచ్చిన లేఖిని ఆ రెండో సగం పూర్తి చేసింది. పైన ఇంగ్లీషు అక్షరాల్లో కొడుతుంటే కింద యూనికోడ్ తెలుగు ప్రత్యక్షం. లేఖినిలో వేళ్ళు నడిచేది ఆర్టీఎస్ దారినే. రైస్ విశ్వవిద్యాలయపు పాత అలవాటు అలా కొత్త ఇంట్లో కాపురం పెట్టింది.

తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు తన పోతన, వేమన ఫాంట్లను పోతన2000, వేమన2000 పేర్లతో యూనికోడ్‌కు మార్చి ఉచితంగా ఇచ్చారు. 1998లో అమెరికాలోని తెలుగువాళ్ళు మొదలుపెట్టిన ఈమాట పత్రిక యూనికోడ్‌లోకి మారడమే కాకుండా తన పాత సంచికలను కూడా వెనక్కి వెళ్ళి మార్చుకుంది. నా దృష్టిలో అది చాలా పెద్ద పని. ముందుకు పోవడం అందరూ చేస్తారు. 2010ల తొలినాళ్ళలో మండలి, రామభద్ర, సూరన్న, పెద్దన, ధూర్జటి, తిమ్మన వంటి పేర్లతో ఉచిత ఫాంట్లు వచ్చి, అందం కోసం బొమ్మ చేయాల్సిన అవసరం కూడా తగ్గించాయి.

యూనికోడ్ ఖర్చు లేనిదేమీ కాదు. "తెలుగు" అన్న మాట అందులో ఆరు సంకేతాలు, ఒక్కోటి మూడేసి బైట్లు, మొత్తం 18. ఆర్టీఎస్ లో ఆరే. అయినా బొమ్మతో పోలిస్తే ఆ 18 ఏపాటి? పైగా వాటిని గూగుల్ వెతుకుతుంది. చూపులేనివారికి తెరను చదివి వినిపించే సాఫ్ట్‌వేరు పైకి చదువుతుంది. చత్వారం వచ్చిన కంటికి అక్షరం పెద్దదవుతుంది, పేజీ చెదరదు.

బొమ్మ మళ్ళీ వచ్చింది

ఇంతటితో కథ కంచికి వెళ్ళి ఉంటే బాగుండేది. వెళ్ళలేదు.

చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్న రాజ్ రెడ్డి గారు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం నుంచి పది లక్షల పుస్తకాల ప్రాజెక్టు తలపెట్టారు. దాని భారతీయ శాఖ డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ ఒక ముఖ్య కేంద్రం. 2007 నాటికి ప్రపంచం మొత్తం మీద పదిహేను లక్షల పుస్తకాలు దాటాయి. మన గ్రంథాలయాల్లో చెదలు పట్టిపోతున్న ఎన్ని తెలుగు పుస్తకాలు అలా బతికాయో! ప్లేనోలో కూర్చుని అవి చదవగలిగిన రోజు నాకు పండగే. కానీ ప్రతి పేజీ ఒక బొమ్మ. అంగుళానికి 600 చుక్కల టిఫ్ ఫైలు. పేజీకి పేజీ విడిగా దించాలి, చూడటానికి బ్రౌజరుకు ఇంకో తగులు తగిలించాలి. పుస్తకంలో ఒక మాట కావాలంటే పుస్తకమంతా తిప్పాలి. తర్వాత కాపీరైటు చిక్కుల్లో ఆ సైటు మూతపడింది. ఈలోగా చాలా పుస్తకాలను ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేర్చడం మంచిదైంది.

ఫోన్లలో అయితే బొమ్మ మరీ తమాషాగా తిరిగొచ్చింది. తొలి స్మార్టుఫోన్లలో చాలావాటికి తెలుగు రాదు, డబ్బాలు కనిపించేవి. అప్పుడు ఒపేరా మినీ అనే బ్రౌజరులో ఒక రహస్య పేజీ ఉండేది. దాని సెట్టింగుల్లో క్లిష్టమైన లిపులకు బొమ్మ ఫాంట్లు వాడమని ఒక గడి. దాన్ని ఔననిపెడితే, ఎక్కడో ఉన్న ఒపేరా వాళ్ళ సర్వరు తెలుగు అక్షరాలను బొమ్మలుగా మార్చి ఫోనుకు పంపేది. 1995లో మనవాళ్ళు చేత్తో చేసిన పనినే 2010 ప్రాంతంలో నార్వే కంపెనీ యంత్రంతో చేయించింది.

2018 ఫిబ్రవరిలో జరిగింది ఇంకా వింత. "జ్ఞా" అక్షరపు ఒకానొక కూర్పు ఎదురైతే ఐఫోన్లలో మెసేజీల ప్రోగ్రాములు కుప్పకూలాయి. ఆపిల్ ఫిబ్రవరి 19న సవరణ విడుదల చేసింది. ఆ కొద్ది రోజులూ తెలుగు గురించి ఎన్నడూ వినని పత్రికలు కూడా తెలుగు గురించి రాశాయి. చదివేవాళ్ళ ఫోన్లు పడిపోకుండా ఆ అక్షరాన్ని చాలా సైట్లు బొమ్మగానే అచ్చు వేశాయి.

మన సావనీర్ల సంగతి

ఇంతా చెప్పింది ఎందుకంటే, మీ చేతిలో ఉన్న ఇలాంటి పుస్తకాల కోసం. అమెరికాలో తెలుగు సంఘాలు అర్ధశతాబ్దంగా మహాసభలు జరుపుతున్నాయి. మా ఉత్తర టెక్సస్ సంఘం టాంటెక్స్ వయసు కూడా 1986 నుంచి లెక్కేస్తే తక్కువేమీ కాదు. ప్రతి మహాసభకూ ఒక సావనీరు. అందులో మొదటి తరంవాళ్ళు రాసుకున్న అనుభవాలు, కథలు, పద్యాలు, గుడి కట్టిన కథనాలు, చనిపోయినవారికి నివాళులు. మన వలస చరిత్ర రాయాలనుకున్నవాడికి ఇంతకు మించిన గని లేదు.

ఈ పుస్తకాల్లో ఎక్కువ భాగం పేజ్‌మేకరులో అను ఫాంట్లతో కూర్చినవి. పేజ్‌మేకరు ఆఖరి రూపం 2001లో వచ్చింది. పాతికేళ్ళవుతున్నా మన అచ్చు పనిలో అది పోలేదు. అలా కూర్చినదాన్ని పీడీఎఫ్ చేసి సైటులో పెడితే చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి చూడండి, పాత నెట్‌స్కేపు రోజుల టోపీల అక్షరాలే వస్తాయి. ఇంకా పాతవైతే స్కాను చేసిన బొమ్మలు. మీ నాన్నగారు ఏదో సావనీరులో రాసిన కవిత కోసం ఆయన పేరు తెలుగులో కొట్టి వెతికితే ఏమీ దొరకదు. కవిత అక్కడే ఉంటుంది. యంత్రానికి అది కవిత అని తెలియదు, అంతే.

ఇవాళ మనం చేస్తున్నది కూడా దానికి తక్కువేం కాదు. సాహిత్య సభ ఆహ్వానం జేపెగ్, ఉగాది కార్యక్రమం జేపెగ్, సంతాప సభ జేపెగ్. వాట్సాప్‌లో చేతులు మారే కొద్దీ మరింత మసకబారి, ఏటా వందల కొద్దీ బొమ్మలు పుట్టి పోతున్నాయి. తేదీ, వేదిక, వక్త పేరు అన్నీ బొమ్మలోనే. వచ్చే ఏడాది "ఫలానా రచయిత మన ఊరు ఎప్పుడొచ్చారు?" అని ఎవరైనా అడిగితే ఫోన్ల గ్యాలరీలు తిరగేయాలి. పాతరోజుల్లో గత్యంతరం లేక బొమ్మ చేశాం. ఇప్పుడు గతి ఉండి చేస్తున్నాం.

బొమ్మను తిరిగి అక్షరం చేసే విద్య కూడా కొంత చేతికొచ్చింది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అతుల్ నేగి, చక్రవర్తి భాగవతి తదితరులు 2001లోనే తెలుగు అక్షరాలను గుర్తించే పద్ధతి మీద పరిశోధన పత్రం ప్రకటించారు. 2015లో గూగుల్ డ్రైవు రెండు వందలకు పైగా భాషల్లో ఈ సౌకర్యం ఇచ్చినప్పుడు తెలుగూ అందులో ఉంది. ఒక పాత సావనీరులో నలభై పేజీలు నేను దానికి ఇచ్చి చూశాను. అచ్చు బాగున్న పేజీలు ఆశ్చర్యపోయేంత శుభ్రంగా వచ్చాయి. తప్పులు వచ్చిన చోట మ బదులు వు, ష బదులు ప, ధ బదులు థ. రెండు కాలమ్స్ ఉన్న పేజీల్లో ఎడమ వాక్యం కుడి వాక్యంలోకి దూకుతుంది. అలంకారం అక్షరాల శీర్షికలను అసలు చదవలేదు. ఒక్కో పేజీ దిద్దడానికి నాకు పది నిమిషాలు పట్టింది. తెలుగు వికీసోర్సులో ఇదే పని ఎందరో స్వచ్ఛందంగా చేస్తున్నారు. పక్కన స్కాను బొమ్మ, ఇటు అక్షరాలు, ఒకరు దిద్దితే మరొకరు సరిచూస్తారు. తెలుగు చదవగలిగి, సాయంత్రాలు ఖాళీగా ఉన్న పెద్దలు మన ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. మనవలను బడి నుంచి తెచ్చాక మిగిలే గంటలో రెండు మూడు పేజీలు సాగుతాయి.

ఈ వ్యాసాన్ని నేను కొంత ఫోనులో, కొంత ల్యాప్‌టాపులో యూనికోడ్‌లోనే టైపు చేసి సంపాదకులకు ఈమెయిలు చేస్తున్నాను. అచ్చుకు పోయేముందు దీన్ని అను ఫాంటులోకి మార్చుకుంటారని తెలుసు. మార్చేటప్పుడు వత్తులు, అరసున్నాలు ఒకసారి సరిచూడమని ఉత్తరం చివర ఒక వాక్యం రాశాను. అందరి రచనల యూనికోడ్ ప్రతులూ ఒకచోట దాచి ఉంచమని ఇంకో వాక్యం రాశాను.